పగలు పడుకునేవాళ్ళు

భయపడటానికి నాకు జీతమిస్తారు. మిగతావాళ్ళు ప్రోగ్రాం రాస్తారు, అది ఎప్పుడు ఎక్కడ మొరాయిస్తుందో ముందే ఊహించి గోల చెయ్యడం నా పని. కాగితాల మీద నా హోదా టెస్టర్. ఆఫీసులో మాత్రం నా పేరు దిగులమ్మ. ఆ పేరు పెట్టింది తాతయ్య.

తాతయ్య అంటే నా సొంత తాత కాదు, మా జట్టులో అందరికంటే పెద్ద ఇంజనీరు. "అలా ఎప్పుడూ జరగదు లెండి" అని ఎవరైనా అంటే చాలు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి "జరిగితే?" అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు. ఆ ఒక్క మాటకి వారం రోజుల పని తలకిందులయ్యేది. ఆయన మీద నాకు ఒళ్ళు మండేది. అయినా నాకంటే ఎక్కువ భయపడే మనిషి ఒకడు పక్క కుర్చీలో ఉన్నాడన్న ధీమాతో ఇంటికెళ్ళి హాయిగా పడుకునేదాన్ని.

నిద్రలో ఊపిరి సరిగా ఆడనివాళ్ళు మంచం పక్కన పెట్టుకునే శ్వాస మెషీన్లున్నాయి కదా, వాటి పెట్టెలూ గొట్టాలూ వేరేవాళ్ళు చేస్తారు. వాటి బుర్ర, అంటే లోపల నడిచే ప్రోగ్రాం, మేం రాస్తాం. మా అక్క పడుకునేది ఆ మెషీన్ మీదే. కొన్నేళ్ళ క్రితం ఒక పాడు జబ్బు వచ్చి ఆమె ఛాతీ కండరాల్ని సగం తినేసి పోయింది. కూర్చున్నా నడిచినా అక్క బాగానే ఉంటుంది, నన్ను తిట్టడానికి కావలసినంత ఊపిరి ఎప్పుడూ ఉంటుంది. వెల్లకిలా పడుకుంటేనే చిక్కు. నిద్రపడితే ఊపిరి తగ్గిపోతుంది, తగ్గినట్టు తనకి తెలియదు. ముక్కూ నోరూ కప్పే మాస్కు పెట్టుకుని పడుకుంటే మెషీన్ గాలి తోస్తుంది. కొత్త వెర్షన్ ఏది వచ్చినా ముందుగా వాడి చూసే వాలంటీర్లలో అక్క పేరు నేనే చేర్చాను. మనింటి మనిషికి మంచిది ముందు దక్కాలని.

ఇక మా ఆఫీసు అలవాటు ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే ఆ గురువారం ఏం జరిగిందో అర్థం కాదు.

మా దగ్గర ప్రతి పనికీ ఒక టికెట్ ఉంటుంది. చెయ్యాల్సింది ఏమిటి, చేసేది ఎవరు, ఎంతదాకా వచ్చింది, అన్నీ కంప్యూటర్లో ఒక బోర్డు మీద కనిపిస్తాయి. ఏ టికెట్నైనా విడుదలకి అడ్డుగా పెట్టవచ్చు. అది మూసేదాకా కొత్త వెర్షన్ గడప దాటదు. తాతయ్య అలాంటి అడ్డుకర్రలు చాలా వేశాడు. ఒక వేసవిలో ఉన్నట్టుండి ఆయన గుండె ఆగిపోయింది. మనిషి పోయాడు గాని బోర్డు మీద పేరు ఉండిపోయింది. దాన్ని తీసెయ్యడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు.

తర్వాత తర్వాత అదొక పద్ధతి అయిపోయింది. ఏదైనా పని ముట్టుకుంటే ఏమవుతుందో అని గుబులు పుడితే, ఆ టికెట్ని తాతయ్య పేరు మీదికి తోసేసేవాళ్ళం. "తాతయ్యకిచ్చెయ్" అంటే దాని జోలికి వెళ్ళకు అని అర్థం. కొత్తగా చేరినవాళ్ళకి కూడా మొదటి వారంలోనే తెలిసిపోయేది. ఎక్కడా రాసిపెట్టలేదు. అందరికీ తెలిసిన సంగతిని పనిగట్టుకుని ఎవరు రాస్తారు?

అప్పుడొచ్చాడు మేస్త్రి. మేస్త్రి మనిషి కాదు. మా మేనేజరు ముచ్చటపడి తెచ్చిన కృత్రిమ మేధ. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొడుతుంది, ఎవరి చేతిలో ఎంత ఉందో చూసి పంచుతుంది. రెండు వారాల్లో ఎవరేం చెయ్యాలో తేల్చుకోవడానికి మేం ఒక పూటంతా ఒక గదిలో కూర్చుని జుట్లు పట్టుకునేవాళ్ళం. మేస్త్రి ఆ ప్రణాళికని మేం కుర్చీలు సర్దుకునేలోపు వేసి చూపిస్తుంది. దాన్ని మా టికెట్ల బోర్డుకి కలిపే పని నాకు పడింది.

"మీకైతే భయం ఎక్కువ కదా, జాగ్రత్తగా చేస్తారు" అన్నాడు మేనేజరు. అది పొగడ్తో వెక్కిరింపో ఇప్పటికీ తెలియదు.

జాగ్రత్తగానే చేశాను. మొదట మేస్త్రికి బోర్డు చూసే హక్కు మాత్రమే ఇచ్చాను, మార్చే హక్కు ఇవ్వలేదు. ఇది వాళ్ళకివ్వండి, ఇది ముందు చెయ్యండి అని అది సలహా చెబితే, నేను చదివి 'సరే' నొక్కేదాన్ని. నొక్కీ నొక్కీ వేళ్ళు పీకాయి. వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. తప్పులు వెతికి బతికేదానికి తప్పు దొరక్కపోవడమంత మత్తు మరొకటి లేదు. ఆ సోమవారం పొద్దున ఇంక చాల్లే అనుకుని, బోర్డు మీద తనంతట తనే మార్పులు చేసుకునే హక్కు మేస్త్రికి ఇచ్చేశాను.

హక్కు తీసుకునే ముందు అది మా పేర్లన్నీ ఒకసారి సరిచూసుకుంది. ఒక పేరు దగ్గర ఆగి అడిగింది.

"ఈ వ్యక్తి చాలాకాలంగా పని చేస్తున్నట్టు కనిపించడం లేదు. ఈయన ఇప్పుడు జట్టులో ఉన్నారా?"

తాతయ్య ఫొటో. నుదుటి మీద కళ్ళజోడు. ఆయన పోయాక ఆ ప్రశ్న నన్ను సూటిగా ఎవరూ అడగలేదు. ఉన్నారా అంటే ఏం చెప్పను? 'లేరు' అని నొక్కాను. అబద్ధం కాదు కదా. కళ్ళు తుడుచుకుని టీ తాగడానికి వెళ్ళిపోయాను. దుఃఖం వల్ల నా బుర్ర పని చెయ్యలేదని తర్వాత అందరూ ఓదార్చారు. నిజానికి బుర్ర బాగానే పని చేసింది, నిజం చెప్పింది. ఆ పేరు మా తాళం అన్న సంగతి మాత్రం ఆ క్షణాన తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం భోజనం చేసి నా బల్ల దగ్గరికి వస్తుంటే చప్పట్లు వినిపించాయి. విడుదలలు చూసే ఆయన్ని మేం గేట్‌మ్యాన్ అంటాం. భారీ మనిషి, ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. కుర్చీలోంచి లేచి నిలబడి మరీ కొడుతున్నాడు.

"ఏంటి సంబరం?" అన్నాను.

"బోర్డు చూడు దిగులమ్మా, ఎంత పచ్చగా ఉందో! ఒక్క అడ్డు లేదు. ఎన్నాళ్ళుగానో ఆగిపోయిన వెర్షన్ ఇవాళ బయటపడింది. వాలంటీర్ల విడత ఇందాకే వెళ్ళిపోయింది కూడా."

"అడ్డు లేకపోవడమేంటి? తాతయ్యవి ఉండాలిగా?"

ఆయన నమలడం ఆపాడు. నా మొహం చూశాడు, తెర చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు. "మేస్త్రి అన్నీ పూర్తి చేయించిందనుకున్నానే..." అన్నాడు.

నేను ఆయన్ని పక్కకి నెట్టి మౌస్ లాక్కున్నాను. తాతయ్య టికెట్లు వరసగా మూసేసి ఉన్నాయి. ఒక్కొక్కదాని కిందా ఎంతో మర్యాదగా ఒకే మాట. "ఈ పని అప్పగించిన వ్యక్తి జట్టులో లేరు. చాలాకాలంగా కదలిక లేనందున మూసివేశాను. అవసరమైతే తిరిగి తెరవవచ్చు." ఈ వెర్షన్‌కి అడ్డుగా ఉన్న టికెట్ మూడోది. దాని పేరు పైకే చదివాను.

'పగలు పడుకునేవాళ్ళ సంగతేంటి?'

తాతయ్య పెట్టిన పేరు అది. ఈ కొత్త వెర్షన్ అందుకున్న మెషీన్ కాసేపయ్యాక తనంతట తనే ఆగి మళ్ళీ మొదలవ్వాలి. రాత్రి పూట అలా ఆగితే పడుకున్న మనిషికి ప్రమాదం కాబట్టి మధ్యాహ్నం ఆగేలా పెట్టాం. మధ్యాహ్నం ఎవరు పడుకుంటారు అన్న నమ్మకంతో, అప్పుడు దాని మీద మనిషి ఉన్నారో లేరో చూసుకోమని మేం మెషీన్‌కి చెప్పనే లేదు. ఆగేటప్పుడు ఉత్తపుణ్యానికి మోగకూడదని అలారం కూడా నోరు మూసుకుంటుంది. మళ్ళీ లేచాక, బటన్ నొక్కేదాకా గాలి ఇవ్వదు. "జరిగితే?" అన్నాడు తాతయ్య. అందరం నవ్వాం. ఆయన అడ్డుకర్ర వేసి ఊరుకున్నాడు.

మా అక్క ఈ మధ్యే రాత్రి డ్యూటీకి మారింది. నీళ్ళ పైపు పగిలినా, కరెంటు పోయినా జనం ఫోన్ చేసే నంబరు ఒకటుంది. ఆ ఫోన్లు తీసి మాట్లాడే ఉద్యోగం ఆమెది. రాత్రంతా మాట్లాడి, పొద్దున ఇంటికొచ్చి, కూతుర్ని బడికి పంపి, కర్టెన్లు దగ్గరికి లాగి పడుకుంటుంది.

"ఆపు!" అని అరిచాను. "ఆపెయ్, అన్నీ ఆపెయ్!"

ఇంకా వెళ్ళాల్సిన విడతలన్నీ గేట్‌మ్యాన్ అప్పటికే ఆపేశాడు. "వెళ్ళినవాటిని వెనక్కి తేలేను" అన్నాడు చిన్న గొంతుతో. "మెషీన్లోకి దిగిపోయింది. అది మనల్ని పలకరిస్తేనే మనం ఏదైనా చెప్పగలం. మళ్ళీ పలకరించేది సాయంత్రం."

"ఆగేదెప్పుడు?"

"మెషీన్ని బట్టి ఉంటుంది. ఒకటి రెండు ఈపాటికే..."

మేనేజరు తన గదిలోంచి వచ్చి నిలబడ్డాడు. "మొదటి విడతలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చెయ్యండి" అని ఆయన మీద అరిచాను. జన్మలో ఆయన మీద గొంతు పెంచలేదు నేను. "పడుకుంటే లేపండి. తిడితే పడండి. మాస్కు తీసి లేచి కూర్చోమనండి." సంచీ కూడా తీసుకోకుండా బయటికి పరిగెత్తాను.

లిఫ్టులో అక్కకి ఫోన్ చేశాను. ఆపేసి ఉంది. ఉండకేం, పడుకునే ముందు ఫోన్ కట్టేసి చెవుల్లో దూది పెట్టుకుంటుంది మా అక్క. రాత్రంతా జనం గోల విన్న చెవులే అవి, పగలు పిడుగు పడినా వినవు అని తనే గొప్పగా చెబుతుంది. బావకి చేశాను. బావ బస్సు నడుపుతాడు, డ్యూటీలో ఉంటే ఫోన్ డిపోలో పెట్టెలో పెట్టి వెళ్ళాలి. తియ్యడని తెలిసీ చేశాను. అంబులెన్సుకి చేశాను. వస్తున్నాం అన్నారు, అడ్రసు రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండోసారి చెబుతుంటే ఇంటి నంబరు మర్చిపోయాను. నేను ఎన్నోసార్లు వెళ్ళిన ఇల్లు.

టాక్సీ దొరికింది. దొరికిందనే గాని అది కదలదే! రోడ్డు సగం తవ్వి పారేశారు, మిగతా సగంలో ఊరు ఊరంతా హారన్లు కొడుతోంది.

"కాస్త తొందరగా పోనివ్వండి" అన్నాను.

"ఎగిరిపోమంటారా అమ్మా?" అన్నాడు డ్రైవరు. అద్దంలో నా మొహం చూసినట్టున్నాడు, గొంతు మార్చి, "ఎవరికైనా బాగాలేదా?" అన్నాడు.

"మా అక్క" అన్నాను. ఆయన బండిని పక్క సందులోకి తిప్పాడు.

ఆ సందుల్లో నాకు కనిపించింది ఇళ్ళూ దుకాణాలూ కాదు. మెషీన్ తెర. ఆగి లేచాక దాని మీద ఏం కనిపిస్తుందో నాకు కంఠతా వచ్చు. 'కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. మొదలుపెట్టడానికి బటన్ నొక్కండి.' అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని, పెద్దవాళ్ళకి కనిపించవని టికెట్ పెట్టి పెద్దవి చేయించింది నేనే. అక్షరాల గురించి అంత బెంగపడ్డాను. ఆ అక్షరాల ముందు కళ్ళు మూసుకుని ఒక మనిషి పడుకుని ఉంటే చదివేదెవరని నేను బెంగపడలేదు. చీకటి గదిలో ఆ పెద్ద పెద్ద అక్షరాలు వెలుగుతూ, ఎంత ఓపిగ్గానైనా కాచుకుని, అక్క నొక్కుతుందని ఎదురుచూస్తూ ఉంటాయి. కిటికీ అద్దం దించి గాలి పీల్చాను. నేను పీల్చే ప్రతి ఊపిరీ దొంగసొత్తులా అనిపించింది.

అసలు ఇప్పటికే అయిపోయి ఉంటే? ఆ ప్రశ్నని తోసేసినకొద్దీ మళ్ళీ వచ్చి కూర్చుంది. అక్క కూతురు బడి నుంచి వచ్చే వేళకి తలుపు తీసేదెవరు? బావకి నేనేం చెప్పాలి? తాతయ్య ఫొటో మీద నొక్కిన వేలు ఇదేనని చూపించనా?

అక్క వాళ్ళుండేది పాత మేడలో మూడో అంతస్తు. కింద దర్జీ దుకాణం. మా బావకి తాళంచెవి మర్చిపోయే రోగం ఉంది కాబట్టి ఒకటి దర్జీ దగ్గర ఉంచుతారు. నేను లోపలికి దూసుకెళ్ళేసరికి దర్జీ ఒక పెద్దాయన కోటు కొలతలు చూస్తున్నాడు, నోట్లో గుండుసూదులు కరిచిపట్టుకుని.

"తాళంచెవి! అక్క ఇంటి తాళంచెవి!"

నోట్లో సూదులు పెట్టుకుని మాట్లాడలేక, మింగలేక, చేతులు తిప్పుతూ ఏదో సైగ చేశాడు. ఒక్కొక్క సూదీ తీసి దిండుకి గుచ్చడం మొదలుపెట్టాడు. నేను కొట్టేదాన్నేమో. ఆ కోటు పెద్దాయనే, "సూదులు తర్వాతయ్యా, ముందు తాళంచెవి ఇవ్వు" అని కసిరాడు. దర్జీ సూదులన్నీ నేల మీద ఉమ్మేసి సొరుగు లాగి తాళంచెవి తీశాడు. ఇద్దరం మెట్లెక్కాం. నాకంటే ముందు ఆయనే ఎక్కాడు.

అక్క తలుపు మీద ఎప్పటిలాగే చీటీ అంటించి ఉంది. 'పడుకున్నాను. లేపినవాళ్ళతో జన్మలో మాట్లాడను.' గంట మోగకుండా దాని బ్యాటరీ కూడా పీకేసింది. తలుపు మీద రెండు చేతులతో బాదాను. జవాబు లేదు. తాళంచెవి రంధ్రంలో పెట్టలేకపోతుంటే దర్జీ నా చేతిలోంచి తీసుకుని తిప్పాడు.

లోపల చీకటి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను, ఎందుకంటే విన్నాను. వినడం అంటే, ఏమీ వినిపించలేదు. ఆ మెషీన్ నడుస్తుంటే ఇల్లంతా సన్నటి గాలి చప్పుడు ఉంటుంది, లోపలికి, బయటికి. అక్క కూతురు ఆ చప్పుడు వింటేగాని నిద్రపోదు. ఆ చప్పుడు లేదు.

పడకగదిలో తెర వెలుగుతోంది. పెద్ద అక్షరాలు.

అక్క వెల్లకిలా పడుకుని ఉంది. మొహానికి మాస్కు, పట్టీలు బిగించి ఉన్నాయి. మాస్కు లాగి పారేశాను. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. "అక్కా!" అన్నాను. "అక్కా, లే!" భుజాలు పట్టి కుదిపితే తల పక్కకి వాలిపోయింది. ఆ వాలడం చూసి నా నోట్లోంచి వచ్చిన అరుపు నాదేనా అనిపించింది. కూర్చోబెట్టాలి, కూర్చుంటే ఊపిరి ఆడుతుంది, అది ఒక్కటే నాకు తెలుసు. దర్జీ మంచం ఎక్కి వెనక నుంచి పట్టుకుని లేపి కూర్చోబెట్టాడు. నేను బటన్ నొక్కాను. మెషీన్ ఒకసారి దగ్గి మొదలైంది. మాస్కు తిరిగి ఆమె మొహానికి చేత్తో అదిమి పట్టుకున్నాను.

గాలి వెళ్ళింది. ఛాతీ లేచింది. అది మెషీన్ లేపిందా, అక్కే పీల్చిందా? మళ్ళీ వెళ్ళింది. దర్జీ పైకి ఏదో ప్రార్థన చేస్తున్నాడు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చెంప మీద కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. చిన్నప్పుడు తను నన్ను కొట్టినవన్నీ ఆ పూట వడ్డీతో తీర్చేశానేమో.

చాలాసేపటికి కనురెప్పలు కదిలాయి. నన్ను చూసింది, గుర్తుపట్టలేదు. దర్జీ చేతులు చూసింది. మాస్కులోంచి నీటిలోంచి వచ్చినట్టు మాట వచ్చింది.

"ఏంటే... సెలవా ఇవాళ?"

నేను నేల మీద కూలబడ్డాను.

అంబులెన్సు వచ్చి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చింది. సాయంత్రం అక్క అక్కడ ఎత్తుగా పెట్టిన దిండ్ల మీద ఆనుకుని ఉంది. ఇక్కడి మెషీన్ వేరే, దాని బుర్ర మేం రాసింది కాదు. ఒంట్లో చెడ్డగాలి బాగా పేరుకుందని, ఇంకాస్త ఆలస్యమైతే లేచేది కాదని డాక్టరు నాకు విడిగా చెప్పింది. ఇప్పుడు తలపోటు తప్ప ఏమీ లేదు. బావ డిపో నుంచి యూనిఫాంతోనే వచ్చి, అక్కని చూసి, ఆమె పాదం పట్టుకుని కాసేపు కూర్చుని, దర్జీ దగ్గరున్న కూతుర్ని తీసుకురావడానికి వెళ్ళాడు.

మిగతా వాలంటీర్లంతా ఫోన్లో దొరికారు. ఒక్క కాపలాదారు మాత్రం చాలాసేపు ఫోన్ తియ్యలేదట. ఆయనా పగలు పడుకునేవాడే. మెషీన్ ఇంకా ఆగకముందే తీశాడు. నిద్ర చెడగొట్టినందుకు మా మేనేజరుని తరతరాలూ తిట్టాడట. ఆయన తిడుతున్నంతసేపూ మా మేనేజరు ఫోన్ పెట్టకుండా "సరేనండి, సరేనండి" అంటూ ఏడ్చాడని గేట్‌మ్యాన్ చెప్పాడు.

అక్కకి అంతా చెప్పేశాను. మేస్త్రిని కలపడం, తాతయ్య ఫొటో, 'లేరు' అని నొక్కడం, ఏదీ దాచలేదు. ఏడుస్తూనే చెప్పాను. అక్క నడుమ ఒక్క మాట అనకుండా విన్నది. ఫోన్లో జనం ఏడుపు వినడం ఆమె ఉద్యోగం కదా.

అంతా విని, "ఆ తాతయ్య పోయి ఎన్నేళ్ళయిందే?" అంది.

"మూడు దాటాయి."

"మరి ఆయన పేరు మీద వేసిన పనులు ఇన్నాళ్ళూ ఎవరు చేస్తున్నారు?"

పైపు పగిలిందని ఎవరో ఫోన్ చేస్తే, ఇల్లు ఎక్కడా, నీళ్ళు ఎంతవరకు వచ్చాయి అని అడుగుతుందే, అంత మామూలుగా అడిగింది అక్క. నేను కొట్టిన దెబ్బలన్నీ కలిపినా ఆ ఒక్క ప్రశ్నకి సరితూగవు.

ఎవరూ చెయ్యలేదు. అదొక తాళం అనుకుని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం. మెషీన్ మీద మనిషి ఉన్నారో లేరో చూసుకోమని రాయడానికి ఒక నెల కూడా పట్టదు. నాకు తెలుసు. జట్టంతటికీ తెలుసు. పోయిన మనిషి పేరు వెనక మా భయాలన్నీ దాచిపెట్టి, ఆయన చూసుకుంటాడులే అన్నట్టు బతికాం. మేస్త్రి చేసిందల్లా మేం అనలేని మాట పైకి అనడం. ఈయన లేరు, ఈ పని ఎవరూ చెయ్యడం లేదు.

గేట్‌మ్యాన్ మళ్ళీ ఫోన్ చేశాడు. "మేస్త్రికి ఇచ్చిన మార్చే హక్కు పీకేశాం. తాతయ్య టికెట్లన్నీ మళ్ళీ తెరిచాం. ఎప్పటిలాగే ఆయన పేరు మీదే పెట్టేస్తున్నా, ఇంకెవరూ ముట్టుకోకుండా గట్టిగా కట్టేస్తా. నువ్వేం దిగులుపడకు."

ఆ పొద్దునైతే 'అలాగే' అనేదాన్ని.

"వద్దు" అన్నాను. "పగలు పడుకునేవాళ్ళది నా పేరు మీద రాయి. మిగతావి రేపు అందరం కూర్చుని పంచుకుందాం. ఆయన పేరు మీద ఒక్కటి కూడా ఉంచకు."

"తాతయ్య పేరు తీసెయ్యమంటావా?" అన్నాడు.

"తీసెయ్."

కాసేపటికి ఫోన్ మీద మేస్త్రి సలహా ఒకటి వచ్చింది. మార్చే హక్కు పోయింది గాని, చెప్పే నోరు పోలేదు. "మీకు ఇప్పటికే పని ఎక్కువగా ఉంది. ఈ కొత్త టికెట్‌ని మరొకరికి అప్పగించమంటారా?" వద్దు అని నొక్కి ఫోన్ బోర్లా పెట్టాను.

అక్కకి కళ్ళు మూతలు పడుతున్నాయి. "రాత్రి డ్యూటీ మానెయ్యవే అక్కా" అన్నాను. "నువ్వు ఉద్యోగం సరిగ్గా చెయ్యవే ముందు" అని గొణిగి, నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. అంత నమ్మకంగా ఎలా నిద్రపోయిందో నాకు తెలియదు.

నేను కదలకుండా కూర్చుని విన్నాను. గాలి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. తర్వాతది వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.